జానన్నర మట్టి కారు

పోయిన నెల మా తమ్ముడి కూతురు సనా ఒక అట్టపెట్టెను చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో పట్టుకొని ఖమ్మం ఖానాపురం హవేలి ప్రాంతంలోని మా ఇంటికి వచ్చింది. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకొని కూర్చుందట, పక్కవాళ్ల మోచెయ్యి కూడా తగలనివ్వలేదట. పెట్టె తెరిస్తే థర్మాకోల్, దాని లోపల మెత్తటి గుడ్డ, ఆ గుడ్డలో ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు. అసలు కారులో ఎనిమిదో వంతు. మా సనా ఇలాంటి వాటిని ఫోన్లో వీడియో తీసి, బాగోగులు చెప్పి, ఇంటర్నెట్లో పెడుతుంది. పగలంతా ఒక ఆఫీసులో ఉద్యోగం, ఆదివారం ఈ పిచ్చి. నేను బొమ్మ అంటే దానికి కోపం. "బొమ్మ కాదు ఫుప్పూ, స్కేల్ మోడల్" అంటుంది. మా ఇళ్లలో మేనత్తను ఫుప్పూ అంటారు. హైదరాబాదులో ఒక దుకాణం వాళ్లు పది రోజులు ఉంచుకొని చూసి చెప్పమని ఇచ్చారట. ఈసారి వీడియోలో తను కాదు, నేను మాట్లాడాలని దాని పట్టు.

"నాకేం తెలుసే దీని గురించి?" అన్నాను.

"ఐటీఐల అన్నేండ్లు రేకు పని నేర్పినవు. నీకంటె ఎక్కువ ఎవరికి తెలుసు? కూసొని నీకేమనిపిస్తె అది చెప్పు. నేను తీస్త."

చేతులు కడుక్కొని, పొడిగా తుడుచుకొని, బల్ల ముందు కూర్చున్నాను. కళ్లు మూసుకొని ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా అరచేత్తో ఒకసారి నెమ్మదిగా రాశాను. సనా నవ్వు ఆపుకుంటూ, "ఫుప్పూ, కండ్లు తెరువు, కునుకు తీస్తున్నట్టున్నది" అంది. తెరిచాను. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. తలుపులు పక్కకు కాకుండా పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి, మళ్లీ దించితే గాజు గిన్నె మీద మూత పెట్టినంత మెత్తగా కూర్చుంటాయి. సీట్లకు దారం కుట్టు ఉంది, బెల్టు నిజమైన గుడ్డ, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతున్నాయి. వెనక అద్దం కింద ఇంజనులో వెంట్రుక మందం వైర్లు కూడా ఏ రంగుది ఆ రంగులో ఉన్నాయి. తలుపుకూ ఒంటికీ మధ్య సందు ఎడమ ఎంతో కుడి అంతే. ఇవన్నీ చెప్పాను. ఆ తర్వాత కారును ఎత్తుకొని మిద్దె మీదికి, ఎండలోకి తీసుకుపోయాను. వెనక దీపాల కింద ఉన్న ముక్క ప్లాస్టిక్కుది. మిగతా ఒళ్లంతా లోహం. రెంటికీ ఒకటే ఎరుపు వేశారు కానీ ఎండలో చూస్తే ప్లాస్టిక్కు ముక్క ఒక పిసరు మబ్బుగా ఉంది. సనా పెట్టిన దీపాల్లో అది కనబడలేదు. అది కూడా కెమెరా ముందే చెప్పాను.

సనా ముఖం చిన్నబోయింది. "ఈ ముక్క తీసేద్దామా ఫుప్పూ? దుకాణమోళ్లు మల్ల ఇయ్యరేమో."

"తీసెయ్యి. దాంతోపాటు నా మొఖం గూడ తీసెయ్యి."

కాసేపు ఆలోచించి అలాగే ఉంచింది. దుకాణం వాళ్లు ఏమీ అనుకోలేదు. ఎవరో ఒకాయన మాత్రం వీడియో కింద, ఈ పెద్దావిడ కళ్లు మూసుకొని కారును ఎందుకు తడుముతోంది అని అడిగాడు. సనా అది నాకు చదివి వినిపించి, "నాకు గూడ తెల్వదు, చెప్పు" అంది. నోటితో కొంత చెప్పాను. చెప్పిన కొద్దీ ఇంకా చాలా ఉందనిపించి ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను.

మా అబ్బా, అంటే నాన్న, పేరు మస్తాన్. ఖమ్మంలో డెంటింగ్ పని చేసేవాడు. సొట్టలు పడిన కార్లు, జీపులు, బస్సుల రేకులను సుత్తితో కొట్టి మళ్లీ మొదటి రూపానికి తెచ్చే పని. రోడ్డు వైపు షెడ్డు, షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. పొద్దున నమాజు అయ్యాక అబ్బా గ్యాసు వెల్డింగు డ్రమ్ములో కార్బైడ్ రాళ్లు వేసి నీళ్లు పోసేవాడు. ఆ వాసన కుళ్లిన వెల్లుల్లిలా ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు ఎందుకో అర్థమయ్యేది కాదు. మాకు అదే తెల్లవారిన వాసన. దాని మీద అమ్మీ కాచే అల్లం చాయ్ వాసన, పదింటికల్లా థిన్నర్ వాసన, శుక్రవారం మధ్యాహ్నం వీటన్నిటినీ ఓడించే అత్తరు. పని బట్టలతో గడప దాటడానికి అమ్మీ ఒప్పుకునేది కాదు. అబ్బా బయటే రంపపు పొట్టు, సబ్బు కలిపి మోచేతుల దాకా రుద్దుకొని, చేతులు చూపించి, లోపలికి వచ్చి కిచిడీ, చింతపండుతో చేసే ఖట్టా ముందు కూర్చునేవాడు. మా ఇంట్లో తెలుగూ ఉర్దూ ఒకే గిన్నెలో కలిసిపోయి ఉండేవి. ఏ మాట ఏ భాషదో నాకు బడికి పోయాకే తెలిసింది.

పని అయిపోయిన కారును అబ్బా కళ్లతో చూసేవాడు కాదు. అరచేతి మీద పలచటి మల్లు గుడ్డ వేసుకొని, కళ్లు మూసుకొని, రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాసేవాడు. "రంగు మెరుస్తుంటె కంటికి సొట్ట కనబడదు. చేతికి దొరుకుతది" అనేవాడు. లప్పం అంటే ఆయనకు గిట్టేది కాదు. లప్పం సొట్టల్లో నింపే మెత్తటి పూత, ఆరితే గట్టిపడుతుంది. పై గీతలు కప్పడానికి కాగితం మందాన వాడితే పర్వాలేదు, సొట్టను కొట్టకుండా అందులో లప్పం నింపితే మాత్రం అది పని కాదు, మోసం అనేవాడు. బద్ధకస్తుల పని చూసినప్పుడు ఆయన నోటి నుంచి వచ్చే పెద్ద తిట్టు "లప్పంగాడు".

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. అంతకు ఏడాది ముందు నుంచే అబ్బా పేపరు పట్టుకొనే తీరు మారింది. ముఖానికి దగ్గరగా తెచ్చుకునేవాడు, దూరంగా జరిపేవాడు, చివరికి మడిచి నా మీదికి విసిరి, "అచ్చు సరిగ్గ పడలే, నువ్వు చదువు" అనేవాడు. కొలబద్ద మీద గీతలు చూడాల్సి వస్తే పిలిచేవాడు. చాయ్ గ్లాసు కోసం చెయ్యి చాపితే ఆ చెయ్యి గ్లాసు పక్కన వాలేది. నేను ఏమీ అడగలేదు. గ్లాసును మాత్రం చెయ్యి వాలే చోటికి జరపడం అలవాటు చేసుకున్నాను.

అప్పుడు వచ్చాడు సినిమా కంపెనీ మేనేజరు. మద్రాసు మనిషి, తెల్ల ప్యాంటు, చేతిలో రంగుల పత్రిక. టేకులపల్లి అడవిలో షూటింగు పెట్టుకున్నారు. పత్రిక మధ్య పేజీ విప్పి చూపించాడు.

"మస్తాన్ గారూ, మీ చేతిపని గురించి కొత్తగూడెంలో విన్నానండి. హీరో అడవి రోడ్డు మీద ఈ కారులో రావాలి. అసలు కారు మద్రాసులో ఒకాయన దగ్గర ఉంది. అడవి రోడ్డు అనగానే ఆయన గేటు వేసేసుకున్నాడు. కింద ఒక పాత కారు చట్రం మేమిస్తాం. పైన ఒళ్లంతా మీరు ఇట్లా కట్టిపెట్టాలి. పన్నెండు రోజులు టైముంది."

అబ్బా ఆ కాగితాన్ని వెలుతురు వైపు తిప్పాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. తర్వాత, "రజియా, నువ్వు చూడు. ఎట్లున్నది?" అని నాకు ఇచ్చాడు. ముద్దుగా కూతురికి బొమ్మ చూపిస్తున్నాడనుకొని మేనేజరు నవ్వాడు. జీవితంలో అలాంటి కారును నేను చూడలేదు. "కప్పను రోడ్డు మీద కూసోబెట్టి ఎవరో పైనుంచి అణచినట్టున్నది అబ్బా" అన్నాను. అబ్బాకు ఆ మాట నచ్చింది. చేస్తానని ఒప్పుకున్నాడు.

అన్నం దగ్గర అమ్మీ అడిగింది. "నువ్వు పో. రజియాను ఎందుకు తీస్కపోవుడు? ఆడపిల్లతోని అడవిల రేకులు కొట్టిస్తవా?"

"ఫొటో చూసి చెప్పనీకె ఒకరు ఉండాలె."

"నువ్వు చూసుకోలేవా?"

అబ్బా ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అమ్మీ గొంతు తగ్గించింది. "పోయిన రంజాన్‌ల అందరితోని మిద్దె ఎక్కినవు. నెలవంక కనబడ్డదని అందరన్నరు, నువ్వు గూడ కనబడ్డదన్నవు. వాళ్లు చూసేది ఇటుపక్క. నువ్వు అటుపక్క చూస్తున్నవు. నేను ఆ రోజే చూసిన."

చెయ్యి కడుక్కొని వచ్చాక అబ్బా, "ఎవరికి చెప్పకు" అన్నాడు. "చెప్పను. నేను గూడ వస్త. ముగ్గురం పోదం" అంది అమ్మీ. తమ్ముణ్ని మా నాయనమ్మ దాదీ దగ్గర వదిలిపెట్టి, స్టవ్వు, గిన్నెలు, సుత్తులు, గ్యాసు డ్రమ్ము లారీలో వేసుకొని టేకులపల్లి చేరాం.

మాకిచ్చింది అడవి సరుకు నిలవచేసే పాత గోదాము. ఒక మూల చింతపండు బస్తాలు, బయట వాకిట్లో ఎండబెట్టిన ఇప్పపువ్వు. ఇప్పపువ్వు తీపి వాసన మీద మా కార్బైడ్ వాసన పడితే ఏమవుతుందో చెప్పడానికి మాటల్లేవు. మొదటి రోజే సమ్మక్క అనే కోయావిడ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చి, "ఏం సచ్చిందమ్మా లోపల?" అని అడిగింది. తెల్లవారక ముందే లేచి ఇప్పపువ్వు ఏరి, పొద్దెక్కాక తెచ్చి మా వాకిట్లో ఆరబోసేది. తన వాళ్లతో కోయలో మాట్లాడుతూ, మా వైపు తిరిగి తెలుగులోకి మారేది. రెండో రోజుకే అమ్మీకీ ఆమెకూ స్నేహం కుదిరింది. ఆమె తునికి పండ్లు తెచ్చేది, అమ్మీ ఖట్టా గిన్నె పంపేది. ఖట్టాలోకి చింతపండు కూడా ఆమెదే.

అసలు చిక్కు మూడో రోజు వచ్చింది. చట్రం మీద ఇనుప చువ్వలతో పంజరం కట్టి, దాని మీద రేకులు తొడగాలి. ఏ చువ్వ ఎంత వంగాలి? నేను ఫొటో చూస్తూ, "ఇక్కడ పైకి లేస్తది, ఇక్కడ కిందికి దిగుతది" అంటే అబ్బా వంచేవాడు. ఎంత లేస్తుంది అంటే నా దగ్గర మాట లేదు. చెప్పీ చెప్పీ నాకు ఏడుపు వచ్చింది, వినీ వినీ ఆయనకు విసుగొచ్చింది. సుత్తి పక్కన పెట్టి చాలాసేపు గోడకానుకొని కూర్చున్నాడు. ఆయన చేతులు ఊరికే ఒళ్లో పడి ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. అప్పుడు తోచింది, ఆయనకు మాట కాదు, ముట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని.

సమ్మక్కను అడిగితే వాగు ఒడ్డున పగుళ్లివ్వని బంకమట్టి ఎక్కడుందో చూపించింది. ఒక బుట్టెడు తెచ్చి, పిసికి, ఫొటో ముందు పెట్టుకొని రోజంతా కారు చేశాను. జానన్నర పొడుగు. పన్నెండు వేళ్ల వెడల్పు ఒక జాన కనుక లెక్క సులువుగా కుదిరింది. మట్టి మీద ఒక వేలు అయితే రేకు మీద ఒక జాన. మట్టి కారు పద్దెనిమిది వేళ్లు, అసలు కారు పద్దెనిమిది జానలు. కొలబద్దతో పని లేదు, చదవాల్సిన గీతా లేదు. తీసుకుపోయి అబ్బా ఒళ్లో పెట్టాను. ఆయన మల్లు గుడ్డ వేసుకోకుండానే రెండు అరచేతులూ దాని మీద పెట్టాడు. ముక్కు దగ్గర ఆగాడు, అద్దం వాలు మీద జారాడు, వెనక చక్రం మీది మూపురం దగ్గరికి వచ్చి వెనక్కి పోయి మళ్లీ వచ్చాడు. "ఆ... గిట్లనా" అన్నాడు. లేచి సుత్తి పట్టుకున్నాడు.

అక్కడి నుంచి పని పరుగెత్తింది. ఆయన మట్టిని తడిమేవాడు, వేళ్లు లెక్కపెట్టుకునేవాడు, రేకు మీద జానలు వేసుకొని కొట్టేవాడు. రేకు వెనక డాలీ, అంటే ఇనుప దిమ్మె, పట్టుకొని ఉండటం నా పని. దెబ్బ పడితే భుజం దాకా జిల్లుమనేది. కంపెనీ డ్రైవరు, సమ్మక్క, ఆమె వెంట వచ్చే ఆడవాళ్లు గోదాము తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లు. తలుపులు తెరుచుకొనేలా చేసే సమయం లేదు, తలుపు ఉన్నట్టు గీత మాత్రం పెట్టాం. అది చూసి సమ్మక్క, "దీంట్లకు ఎక్కుడెట్లక్కా? కోడిని గంప కింద మూసినట్టు పైనుంచి మూస్తరా?" అని అమ్మీని అడిగింది. ఫొటోలో వెనక భాగం లేదు కనుక అది మేమే ఊహించి చేశాం. సాయంత్రాలు ముగ్గురం వాకిట్లో కూర్చొని చాయ్ తాగుతుంటే అబ్బా పాత సంగతులు చెప్పి నవ్వించేవాడు. ఏడాదిగా ఆయన అట్లా నవ్వలేదు. "నీ మట్టి బండి లేకపోతె ఈ పని నాతోని అయ్యేటిది కాదు" అన్నాడొక రోజు. ఆ మాట విన్నాక నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

ఆ మర్నాడే తప్పు కనబడింది. రెండు పక్కలా వెనక రేకులు తొడిగి, నేను పది అడుగులు వెనక్కి పోయి చూశాను. కారు ఎడమ మూపురం ఎత్తుగా ఉంది, ఒక భుజం ఎగరేసి నిలబడ్డ మనిషిలా. పరుగెత్తి మట్టి కారు చూశాను. అందులోనూ అంతే. ఫొటోలో కుడిపక్కే కనబడుతుంది, ఎడమ నేను ఊహించి చేశాను. పావు వేలు ఎక్కువ చేశాను. మట్టిలో పావు వేలు అంటే రేకు మీద మూడు వేళ్లు. అబ్బా నా మట్టిని నమ్మి దాన్ని ఉన్నదున్నట్టు, వెంట్రుక వాసి తేడా లేకుండా దించాడు.

చెప్పాలి. కానీ ముందు రోజు అన్న మాట ఇంకా చెవిలో ఉంది. మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయినప్పుడు లప్పం డబ్బా తెరిచాను. ఎడమ తగ్గించడం నా వల్ల కాదు కనుక కుడి పెంచాను. మూడు రోజులు, ఆయన పక్కన లేని ప్రతి గంటా పూత మీద పూత వేశాను, ఎమరీ కాగితంతో రుద్దాను. పైన ఎర్రరంగు కూడా నేనే కొట్టాను. ఆయన అరచెయ్యి చాపినప్పుడల్లా, "తడిగున్నది అబ్బా, అంటుకుంటది" అనేదాన్ని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుందో నాకు నేర్పిందే ఆయన. ఆ ఎండలో మూడు రోజులు తడి ఉండదని ఆయనకు తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

షూటింగుకు రెండు రోజుల ముందు కారును నడిపి చూశారు. డ్రైవరు కిటికీలోంచి కాళ్లు ముందు పెట్టి దూరాడు. మేనేజరు, కెమెరా మనుషులు, సగం ఊరు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఎర్రటి కారు టేకు చెట్ల మధ్య నుంచి వస్తుంటే అమ్మీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మలుపు దగ్గర గుంతలో చక్రం పడింది. కుడి మూపురం మీద నుంచి రొట్టె అంత లప్పం పెచ్చు లేచి రోడ్డు మీద పడింది. దాని వెనక ఇంకొకటి.

"ఏంటి మస్తాన్ గారూ ఇది?" అన్నాడు మేనేజరు. "కారు తొక్క రాలుతోంది. ఎల్లుండి షూటింగు పెట్టుకొని ఇట్లాగా?"

అబ్బా నడుచుకుంటూ వెళ్లి, చెయ్యి పెట్టి చూశాడు. పెచ్చు ఊడిన చోట అంచు మందం రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అటు తిరిగి ఎడమ మూపురం తడిమాడు. "నా పొరపాటే సార్. సరిచేస్త" అన్నాడు. లప్పంగాడు అనే తిట్టు కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను.

గోదాములోకి పోయాక చింతపండు బస్తా మీద కూర్చొని, నన్ను కూడా కూర్చోమన్నాడు. కోపం లేదు గొంతులో.

"తప్పు నా చేతిల ఉన్నదా, మట్టిల ఉన్నదా?"

"మట్టిల."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు రోజులైంది."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు... నా మట్టి మంచిగున్నదన్నవు."

"మంచిగనే ఉన్నది. అందుకే నమ్మిన. ఇగో బిడ్డా, నా చేతికి వచ్చిన తప్పు నేను పట్టుకుంట. నీ కంటికి కనబడ్డ తప్పు నువ్వు చెప్పకపోతె నాకు దిక్కెవరు?" అన్నాడు. కొంచెం ఆగి, "నేను గూడ గదే చేస్తున్న కద. ఆ సార్‌కు చెప్పకుంట" అన్నాడు. లేచి బయటికి నడిచాడు. అమ్మీ, నేను వెంట పరుగెత్తాం.

"సార్, ఒక మాట. నాకు కండ్లు సరిగ్గ కనబడయి. ఏడాదైంది. ఇదంత నా బిడ్డ చూసి చెప్తె నేను కొట్టిన" అన్నాడు మేనేజరుతో, అందరి ముందే.

మేనేజరు కుర్చీ కోసం వెనక్కి చూసుకొని కూలబడ్డాడు. "ఇంత కారు కళ్లు కనబడకుండా చేశారా?"

"చేసిండు కద సార్" అంది అమ్మీ, కొంగు సర్దుకుంటూ. మగవాళ్ల మధ్యకు వచ్చి ఆమె మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. "ఒక్క పక్కనే వంకరొచ్చింది. కండ్లున్నోళ్లు మీరు ఇంతమంది వచ్చి పోయిన్రు, ఒక్కరన్న చూసిన్రా?"

మేనేజరు తెల్ల ప్యాంటు మీద దుమ్ము దులుపుకున్నాడు. "ఎల్లుండి పొద్దుటికి అవుతుందా?" అని అడిగాడు చివరికి.

"అయితది" అన్నాడు అబ్బా.

ముందు మట్టి సరిచేశాం. చెమ్చా అంచుతో నేను కొద్దికొద్దిగా గీకుతుంటే అబ్బా ఎడమ చెయ్యి ఎడమ మీద, కుడి చెయ్యి కుడి మీద పెట్టి, "ఇంక కొంచెం... ఇంక... చాలు" అన్నాడు. తర్వాత ఎడమ రేకు కోసి, వంచి, మళ్లీ అతికాం. కుడి మీద నా లప్పమంతా నేనే గీకి తీశాను. గోళ్ల కింద ఎరుపు, బూడిద రంగు వారం దాకా పోలేదు. షూటింగు రోజు కారు నాలుగుసార్లు ఆ మలుపు తిరిగింది, ఒక్క పెచ్చూ రాలలేదు. జనం హీరో కోసం ఈలలు వేశారు, సమ్మక్క మాత్రం కారు కోసం వేసింది. ఆ సినిమా విడుదల కాలేదు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. చట్రాన్ని కంపెనీ వాళ్లు విప్పుకుపోయారు, పైతొడుగు గోదాము వెనక మిగిలింది. సమ్మక్క దాన్ని కోళ్లకు ఇచ్చిందని తర్వాతెప్పుడో తెలిసింది. ఇటలీ కారులో గుడ్లు పెట్టిన కోళ్లు మా టేకులపల్లిలో తప్ప ఇంకెక్కడా ఉండవనుకుంటాను.

ఖమ్మం వచ్చిన వారానికి అమ్మీ అబ్బాను దవాఖానాకు తీసుకుపోయింది. ఒక కంట్లో పొర, అది తీస్తే చూపు వస్తుందన్నారు. రెండో కన్ను వెల్డింగు వెలుగుకు ఏనాడో దెబ్బతింది, అది రాదన్నారు. ఆపరేషన్ అయ్యాక సీసా అడుగు లాంటి అద్దాలు పెట్టుకొని, ముందుగా అమ్మీ ముఖం చూసి, "ముసలిదానివైనవు" అన్నాడు. ఆమె నవ్విన నవ్వుకు పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. మిగిలిన ఒక కంటితో, నా రెండు కళ్లతో ఆయన ఇంకో ఇరవై ఏళ్లు పని చేశాడు. నేను ఐటీఐలో రేకు పని కోర్సులో చేరాను. అమ్మాయిలకు కుట్టుపని ఉంది కదమ్మా అని దరఖాస్తు తీసుకునే ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ రేకే అన్నాను. తర్వాత అక్కడే పాఠాలు చెప్పాను.

ఇప్పుడు ఖమ్మంలో సొట్ట పడిన రేకును కొట్టేవాళ్లు తక్కువ. ముక్క విప్పి పారేసి కొత్త ముక్క బిగిస్తారు, సాయంత్రానికి బండి ఇంటికి పోతుంది. సుఖమే. భుజాలు జిల్లుమనవు, కళ్లు పోవు. ఆ వెల్లుల్లి కంపు తిరిగి రావాలని నేనేమీ కోరుకోను. సనా తెచ్చిన మోడల్‌ను అసలు కారు మీద వెలుతురు పారించి, కంప్యూటరు కొలిచి చేస్తుందట. ఎడమకూ కుడికీ తేడా రానే రాదట. అదే సనా ఇంకో సంగతి కూడా చెప్పింది. పెద్ద పెద్ద కంపెనీలు కొత్త కారు పుట్టించేటప్పుడు ఇప్పటికీ ముందు మట్టితోనే చేసి, చేత్తో తడిమి చూస్తాయట. విని చాలాసేపు నవ్వాను. వాళ్లలోనూ ఒకరు చేస్తారు, ఇంకొకరు చెయ్యి వేసి చూస్తారు. చూసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పడానికి ఎంత జంకుతారో, విన్నవాళ్లు ఎట్లా తీసుకుంటారో, అది ఏ కంప్యూటరూ కొలవదు కనుక నాకు తెలిసే దారి లేదు.

అడవి నుంచి వచ్చాక షెడ్డుకు వచ్చిన మొదటి బండి ఒక అంబాసిడర్. ముందు రేకు లోపలికి పోయింది. అబ్బా ఆపరేషన్ ఇంకా కాలేదు. రెండు రోజులు కొట్టి, మల్లు గుడ్డ వేసి రాసి, సరే అనుకున్నాడు. బండి ఆసామి వచ్చాడు, తొందరలో ఉన్నాడు, తాళాలు చేతిలో తిప్పుతున్నాడు. అబ్బా ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. ఆ మనిషి ముందే నన్ను పిలిచి, "చూడు బిడ్డా. ఎట్లున్నది, చెప్పు" అన్నాడు.

నేను వంగి చూశాను. చక్రం పైన అంచు దగ్గర, వెలుతురు పక్క నుంచి పడుతున్న చోట, సన్నటి అల ఉంది. చేతికి దొరకనంత సన్నం. "అంచు కాడ అల ఉన్నది అబ్బా" అన్నాను.

"ఏం కాదులే మస్తాన్ భాయ్, మంచిగనే ఉన్నది. నాకు జల్దీ పోవాలె" అన్నాడు ఆసామి.

అబ్బా అప్పటికే సుత్తి తీసుకొని రేకు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కడ?" అని చెయ్యి నా వైపు చాపాడు. నేను ఆయన చూపుడు వేలు పట్టుకొని, తీసుకుపోయి, ఆ అల మీద పెట్టాను.